ఎవర్ని అంగీకరించమంటున్నాం?

ముప్ఫై చిన్న అద్దాలు. ప్రొద్దుటూరు బజార్లో ఫ్యాన్సీ సామాన్ల అంగట్లో బేరమాడి కొన్నాను. రెండేళ్ల కిందట జమ్మలమడుగులో మా సంస్థ పెట్టిన మూడు రోజుల శిక్షణ కోసం. మొదటి రోజు మొదటి అంశం ‘నన్ను నేను తెలుసుకోవడం’. మనలో ఈ శిక్షణ ఇవ్వనివాళ్లు గానీ, తీసుకోనివాళ్లు గానీ బహుశా ఎవరూ వుండరు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టడం, చేతికొక అద్దం ఇవ్వడం, కళ్లు మూసుకోమనడం, తెరవమనడం, ‘అద్దంలో కనిపించే ఆమె గురించి మూడు మంచిమాటలు చెప్పండి’ అనడం. కొందరు సిగ్గుపడి నవ్వుతారు. కొందరు ఏడుస్తారు. ఏడ్చినవాళ్లని చూసి, సెషన్ బాగా జరిగిందని మనం రిపోర్టు రాస్తాం. ఇరవై రెండేళ్లుగా నేనూ రాస్తున్నాను.

ఆ రోజు వరసలో ఏడో మనిషో ఎనిమిదో మనిషో, ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆట ఆగిపోయింది. ఆమెది జమ్మలమడుగు చుట్టుపక్కల ఒక మగ్గాల ఊరు. వయసు ముప్ఫై ఆరు. అద్దాన్ని బోర్లించి చాపమీద పెట్టి, సంచిలోంచి మడతలు పడిన ప్లాస్టిక్ కవరొకటి తీసింది.

‘‘అక్కా, మొగం సంగతి ఇడ్సిపెట్టు. మూడేండ్ల కింద నాకు ఆపరేషన్ చేసినారు. కడుపులోంచి ఏం తీసినారో ఈ కాయితంలో రాసినారంట. ఇంగ్లీషులో ఉండాది. నువ్వు సదువుకున్నావు గదా, సదివి సెప్పు’’ అంది.

డిశ్చార్జి కాగితం అది. మందుల పేర్ల పైన పొడి అక్షరాలు: టి.ఏ.హెచ్., బి.ఎస్.ఓ. నేను డిగ్రీ చదివాను. ప్రాజెక్టుల కోసం ఇంగ్లీషు కాగితాలు చదువుతాను, రాస్తాను. ఆ అక్షరాలు మాత్రం నాకు అర్థం కాలేదు. బయటికి వచ్చి తెలిసిన నర్సమ్మకు ఫోన్ చేశాను. పొట్ట కోసి గర్భసంచి పూర్తిగా తీసేశారని మొదటి మూడక్షరాలకు అర్థం. రెండు వైపులా అండాశయాలూ, గొట్టాలూ కూడా తీసేశారని రెండో మూడక్షరాలకు అర్థం. ముప్ఫై మూడేళ్ల మనిషికి! అండాశయాలు తీసేస్తే ముట్లుడిగిన మార్పులన్నీ ఒక్కసారిగా మీద పడతాయనీ, ఎముకలు బలహీనపడతాయనీ, గుండెకూ మంచిది కాదనీ, ఆ తర్వాత తీసుకోవలసిన మందులు, జాగ్రత్తలు వుంటాయనీ నర్సమ్మ చెప్పింది. ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘సంచి వాచింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్కమాట చెప్పారట.

నేను లోపలికి వచ్చి విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘అయితే ఈ ఒళ్లు మంటలు, రేత్రి చెమటలు దానికేనా? మా అత్త నాకు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది’’ అంది.

ఇక ఆ గదిలో అద్దాల వైపు ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం అన్నాల వేళకు ఇంకో ఐదుగురు తమ ఆపరేషన్ల సంగతి చెప్పారు. మర్నాడు కాగితాలు పట్టుకొచ్చారు. కొందరి దగ్గర కాగితమే లేదు. ఒకామె దగ్గర స్కానింగు ఫిల్ము మాత్రం వుంది, దాన్ని వాళ్లింట్లో కిటికీకి అడ్డం పెట్టుకున్నారట.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. దాచుకుని ఈ వ్యాసం రాస్తే అది మోసం.

నాకు ముప్ఫై నాలుగో యేట గర్భసంచి తీశారు. ప్రొద్దుటూరులోనే, ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో. నెలకు రెండుసార్లు ముట్టు, నడుంనొప్పి, తెల్లబట్ట. పావుగంట చూసి, ‘ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంక సంచితో పనేముంది’ అన్నారు. క్యాన్సర్ అనే మాట నాకూ చెప్పారు. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ వణుకు పుట్టింది. సంతకం మా ఆయన పెట్టాడు. నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. అప్పటికే ఊరూరా తిరిగి ఆడవాళ్ల హక్కుల గురించి మాట్లాడుతున్న మనిషిని!

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే నేను వేరే మనిషినయ్యాను. రాత్రిళ్లు నిద్ర లేదు. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు. చిన్నమాటకు అరవడం, అరిచినందుకు ఏడవడం. ఇంట్లో ‘కోపిష్ఠిది’ అన్నారు. ఆఫీసులో ‘ఆమెతో కష్టం’ అన్నారు. ఒక సహోద్యోగి మంచి మనసుతోనే నన్ను ఒక ధ్యాన శిబిరానికి పంపింది. మూడు రోజులు ఊపిరి గమనించమన్నారు. ‘నిన్ను నువ్వు ఉన్నదున్నట్టు అంగీకరించు, అదే శాంతి’ అన్నారు. నేను నిజాయితీగా ప్రయత్నించాను. నేను కోపిష్ఠిదాన్ని, నా స్వభావమే ఇంత అని ఒప్పుకుని ఇంటికి వచ్చాను. కొన్నాళ్లు ప్రశాంతంగా వున్న మాట కూడా నిజం.

కాని నేను అంగీకరించింది ఎవర్ని? మా ఇంటివాళ్లూ, ఆఫీసువాళ్లూ, ఆ డాక్టరూ కలిసి తయారుచేసిన ఒక కోపిష్ఠి ఆడదాన్ని. గర్భసంచి ఒక్కటే తీసినా ముట్లుడగడం ముందే రావచ్చునని, అండాశయాలు కూడా తీస్తే వెంటనే వస్తుందని నాకు తెలిసివుంటే, నేను స్వభావాన్ని తిట్టుకునేదాన్ని కాదు. డాక్టర్ని అడిగేదాన్ని. తెలుసుకోకుండా అంగీకరించడమంటే ఎవరో ఇచ్చిన తీర్పు కింద మనం వేలిముద్ర వేయడమే. మనం ఇన్నేళ్లుగా శిక్షణల్లో వేయించింది ఆ వేలిముద్రే కాదా అని అడుగుతున్నాను.

ఈ మాటకు మన మిత్రుల్లో కొందరికి కోపం వస్తుందని తెలుసు. ‘అయితే మనసు సంగతి అక్కర్లేదా? పుట్టినప్పట్నుంచీ తిట్లు తిన్న ఆడపిల్లకి తనమీద తనకు ఇష్టం కలిగించడం తప్పా?’ అంటారు. తప్పు కాదు. నా ఒంటిమీద కుట్ల మచ్చను చూసి అసహ్యపడకుండా వుండటానికి నాకు పదేళ్లు పట్టింది, ఆ కష్టం నాకు తెలుసు. నేనడిగేది వేరు. మనం ‘నీలో ఏముందో చూసుకో’ అంటాం గానీ, నీలో ఏం లేకుండా చేశారో చూసుకో అని ఎందుకనం? భర్త తాగి కొడుతున్నాడని చెప్పుకున్న మనిషికి కోపాన్ని అదుపులో పెట్టుకునే పద్ధతులు నేర్పిన శిక్షకులను నేను చూశాను. రైల్వే స్టేషన్లలో అమ్మే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మన సంస్థల బీరువాల్లోకి ఎప్పుడొచ్చి కూర్చున్నాయో మనం గమనించనే లేదు. ఆ పుస్తకాల్లో మనిషికి ఇల్లుండదు, కులముండదు, కూలి వుండదు, గర్భసంచి అసలే వుండదు. ఉత్త ‘వ్యక్తిత్వం’ వుంటుంది.

ఈ పద్ధతి మొదట్లో ఇట్లా లేదు. 1969లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక స్త్రీల సమావేశంలో కొందరు కూర్చుని, డాక్టర్లు తమతో ఎట్లా మాట్లాడుతున్నారో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరి శరీరం గురించి వాళ్లకే ఏమీ తెలియదని తేలింది. తలా ఒక అంశం చదువుకుని వచ్చి ఒకరికొకరు చెప్పుకున్నారు. 1970లో చౌక కాగితం మీద అచ్చేసిన ఆ పాఠాలే తర్వాత ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ అనే పుస్తకమై ప్రపంచమంతా తిరిగాయి. మన హైదరాబాదులోనూ 1991లో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చింది. ముట్టు, కాన్పు, తెల్లబట్ట, గర్భసంచి, ఇవన్నీ తెలుగులో, బొమ్మలతో, భయపెట్టకుండా. దానికి ముందే 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తామేం చేశారో, పార్టీ తమని ఏం చేసిందో స్వయంగా చెప్పిన పుస్తకం. వాళ్లని ఎవరూ ‘మీ గురించి మూడు మంచిమాటలు చెప్పండి’ అని అడగలేదు. ఏం జరిగిందని అడిగారు. ఆ తేడా చాలా పెద్దది. మనం ఆ ప్రశ్నను వదిలేసి అద్దాన్ని పట్టుకున్నాం.

‘ఆత్మజ్ఞానం మన సంప్రదాయం, దీన్ని కూడా మీరు రాజకీయం చేస్తున్నారు’ అని ఒక పెద్దాయన ఆమధ్య సభలో నన్ను మందలించారు. మా సీమలో తత్వాలు పాడే ముసలమ్మలు ఇప్పటికీ వున్నారు. బ్రహ్మంగారి మఠం మా జిల్లాలోదే. తన్ను తాను తెలియడమనే మాట మాకు కొత్త కాదు. సంప్రదాయం గురించే మాట్లాడుకుందామంటే తరిగొండ వెంగమాంబ గురించి మాట్లాడుకుందాం. చిన్నతనంలోనే వితంతువైన బ్రాహ్మణ స్త్రీ. వాసిష్ఠ రామాయణం రాసింది, అదంతా ఆత్మవిచారమే. అంత విచారం చేసిన మనిషి జుట్టు తీయించుకోమంటే ఒప్పుకోలేదు. పసుపు కుంకుమలు వదలమంటే వదల్లేదు. ఊరు మొత్తం ఎదురు తిరిగినా తను అనుకున్నట్టే బతికి, తిరుమలలో వుండి పుస్తకాలు రాసి 1817లో కన్నుమూసింది. తనెవరో తెలిసిన మనిషికి లోకంతో పేచీ తప్పలేదని ఆమె బతుకే చెబుతోంది. పెద్దాయనకు ఈ మాట అప్పుడు తట్టలేదు నాకు. ఇంటికొచ్చాక తట్టింది. ఎప్పుడూ అంతే.

ఇక లెక్కలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2015–16లో మొదటిసారి గర్భసంచి ఆపరేషన్ గురించి ప్రత్యేకంగా అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు మందికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం! తర్వాతి సర్వే 2019–21లో కూడా మనమే ముందున్నాం. ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. దేశంలో ఈ ఆపరేషన్ జరిగినవాళ్లలో సగం మందికి అది ముప్ఫై ఐదేళ్లు నిండకముందే జరిగింది. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో 70 శాతం దాకా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ఇరవై రెండేళ్లకో ఇరవై మూడేళ్లకో మొదటి కోత, ముప్ఫై దాటగానే రెండో కోత. ‘ఇంక సంచితో పనేముంది’ అన్న మాట ఒక డాక్టరు నోటిమాట కాదు, ఈ లెక్కల వెనకున్న ఆలోచన మొత్తం అదే. కనడానికి పనికొచ్చే భాగం, పని అయిపోయాక తీసేసే భాగం.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువైపోయాయని గొడవై, ఆ పథకం కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ మీద ప్రభుత్వమే పరిమితి పెట్టవలసి వచ్చింది. మన దగ్గరొక్కటే కాదు. రాజస్థాన్‌లోని దౌసా జిల్లా గురించి ఒక డాక్టరు, నరేంద్ర గుప్తా, సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకు నరికే కూలీ స్త్రీల సంగతి 2019లో దేశమంతా విన్నాం. ముట్టు వస్తే పని ఆగుతుందని, పని ఆగితే జరిమానా అని, ముప్ఫై నిండకుండానే గర్భసంచులు తీయించుకున్న ఆడవాళ్లు.

బీడ్ సంగతి నేను పులివెందుల దాటాక ఒక ఊళ్లో చెప్పాను. జమ్మలమడుగు శిక్షణ అయిన కొన్ని నెలలకి. ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం, ఆ మగ్గాల ఊరి ఆమె కూడా నాతో వచ్చింది. చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఓ పాతికమంది కూర్చున్నారు. బీడ్ కథ విని ఆశ్చర్యపోతారనుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకామె, ‘‘అంత దూరమెందుకు మేడమ్, నేనూ దానికే తీపిచ్చుకున్న్యా. తోటల్లో చాటు యాడుంటాది? గుడ్డ మార్చుకునేకి లేదు. నెలకు మూడు దినాలు కూలి పోతాంటే ఎన్నాళ్లు ఓర్చుకునేది?’’ అంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని చేయించుకుందట. అప్పు కారణం దగ్గర ‘గేదె కొనుగోలు’ అని రాయించింది.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి. ఈమె మోసపోయిన మనిషి కాదు. తెలిసే చేయించుకుంది. తన ఒంట్లో ఒక భాగాన్ని కూలి లెక్కలో వేసి చూసుకుని తీయించేసుకుంది. ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టి ‘నీ శరీరాన్ని ప్రేమించు’ అని చెప్పే ధైర్యం ఎవరికైనా వుందా? ఆమె గురించి ఆమెకు తెలియనిది ఏమీ లేదు. తెలియనిది, తెలుసుకోవలసింది తోట యజమానికీ, పని స్థలంలో మరుగుదొడ్డి వుండాలని చట్టాలు రాసేవాళ్లకీ, మనకీ. అందుకే నన్ను నేను తెలుసుకోవడం ఒంటరిగా అయ్యే పని కాదంటున్నాను. ఒక్కతే కూర్చుంటే ఆమెకు అది తన తలరాత. ఆ రోజు పాతికమందిలో ఎనిమిదిమంది చేతులెత్తాక అది ఆ తోటల సంగతి అయింది.

పులివెందుల వైపు ఇంకో ఇబ్బంది వుంది. అక్కడ కొత్తమనిషిని ఎవరైనా మొదట అడిగేది పేరు కాదు, ‘ఎవరి తాలూకు?’ అని. ఎవరి ఊరు, ఎవరి వర్గం, ఎవరి మనిషివి. దశాబ్దాల ఫ్యాక్షన్ నేర్పిన ప్రశ్న అది. చంపినవాళ్ల ఇళ్లలోనూ చచ్చినవాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు ఆ ప్రశ్నకు జవాబుగానే బతికారు. నేనెవరు అని ఒక స్త్రీ అడగాలంటే ముందు ఆ తాలూకుని దాటి రావాలి. ఆసుపత్రికి వెళ్లి కాగితం అడగాలన్నా ‘ఎవరిచేతనన్నా ఫోన్ చేపిస్తే బాగుంటాది’ అంటారు. సిఫార్సు లేకుండా ఒక ఆడమనిషి తన కడుపు గురించి తను అడగడం అక్కడ చిన్న సంగతి కాదు.

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలు నోటికి నేర్చుకోవాలి. ఢిల్లీలో 1995లో ఒక స్త్రీ పరీక్ష కోసం మత్తుమందు తీసుకుంది. ఆమె మత్తులో వుండగా వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె కోర్టుకు వెళ్లింది. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది: మేజరైన, తెలివిలో వుండి నిర్ణయం చెప్పగల మనిషికి బదులు వేరేవాళ్ల సంతకం చెల్లదు. ఏం చేస్తున్నారో, చేయకపోతే ఏమవుతుందో, వేరే మార్గాలేమున్నాయో చెప్పి మనిషి సమ్మతి తీసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప. అంటే మన ఇళ్లలో మొగుళ్లు పెట్టిన సంతకాలన్నీ ఏమిటి? తీర్పు వచ్చి ఇన్నేళ్లయింది, ఇప్పటికీ మా దగ్గరికి వచ్చే కాగితాల్లో సమ్మతి దగ్గర మగవాళ్ల పేర్లే ఎక్కువ. రోగి అడిగితే ఆసుపత్రి రికార్డుల నకలు 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే వుంది. నరేంద్ర గుప్తా కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. జిల్లాస్థాయిలో ఈ ఆపరేషన్లను పరిశీలించే కమిటీ వుండాలని అందులో వుంది. మీ జిల్లాలో ఆ కమిటీ వుందా, ఎప్పుడు కూర్చుంది, మీరెప్పుడన్నా అడిగారా? నేను ఆ శిక్షణ జరిగేదాకా అడగలేదు.

మరొక మాట కూడా చెప్పాలి, లేకపోతే మన మాట విని ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. గర్భసంచి తీయడం అవసరమైన సందర్భాలు వుంటాయి. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒకామెకు పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, ఒంట్లో రక్తం బాగా పడిపోయింది, మందులు పనిచేయలేదు. ఆమె అన్నీ అడిగి, ఇంకో డాక్టర్ని కూడా కలిసి, తన సంతకం తను పెట్టి ఆపరేషన్ చేయించుకుంది. అండాశయాలు వుంచమని చెప్పి వుంచుకుంది. ఆమెకూ నాకూ కుట్లు ఒక్కచోటే వున్నాయి. ఆమె తన మచ్చ గురించి మాట్లాడే పద్ధతి వేరు, నేను మాట్లాడే పద్ధతి వేరు.

ఇదంతా చూసి మా సంస్థ పెద్దలు సంతోషించారనుకోకండి. ‘ఇది మన ప్రాజెక్టులో లేదు. మన అంశం స్వీయ అవగాహన, ఆత్మవిశ్వాసం. ఆరోగ్యం వేరే వాళ్లది. డాక్టర్లతో గొడవలొద్దు’ అన్నారు. స్వీయ అవగాహనలో గర్భసంచి లేదట! నేను చాలా మర్యాదగా, ‘మనిషికి తన ఒంట్లో ఏముందో తెలియడం కంటే స్వీయ అవగాహన ఇంకేముంటుంది సార్’ అని అడిగాను. తర్వాతి శిక్షణకు వేరే వాళ్లను పంపారు. అద్దాలు కూడా కొత్తవి కొన్నారట.

ప్రొద్దుటూరును రెండో ముంబై అంటారు. అంత బంగారం వ్యాపారం. గాజుపెట్టెలో తక్కెడ పెట్టి, ఫ్యాను ఆపి, చిన్న ముక్కను కూడా మిల్లీగ్రాముల్లో తూచి బిల్లు రాసిస్తారు. ముక్కుపుల్ల కొన్నా రసీదు వుంటుంది. ఆ ఊళ్లోనే నా ఒంట్లోంచి ఏమేం తీశారో రాసిన కాగితం నా దగ్గర లేదు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. నకలు కావాలని ఈమధ్య ఆ నర్సింగ్ హోముకు దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. మూడేళ్లు దాటిన రికార్డులు ఉంచం అన్నారు. నిబంధన కూడా మూడేళ్లే, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. అండాశయాలు నాలో వున్నాయో లేవో చెప్పే కాగితం ఇక నాకు దొరకదు.

ఆ మగ్గాల ఊరి ఆమె మాత్రం ఊరుకోలేదు. ఆమె ఇంట్లో కండెలు చుట్టేది ఆమే, ఆసు పోసేది ఆమే, మగ్గం గుంటలో సగం రోజు కూర్చునేదీ ఆమే. ఏ కాగితంలో చూసినా వృత్తి దగ్గర ‘గృహిణి’. 2019లో సొంత మగ్గం వున్న కుటుంబానికి ఏటా 24 వేలిచ్చే నేతన్న నేస్తం వచ్చినప్పుడు ఇంటికొకరికే అంటే, ఆ ఒకరు మొగుడే అయ్యాడు. ‘‘నేను నేసేదాన్ని గాదా అని అప్పుడు అడగల్ల. సిగ్గనిపించింది’’ అంది ఒకసారి. ఇప్పుడు ఎవరైనా గర్భసంచి ఆపరేషన్‌కు పోతున్నారని తెలిస్తే వాళ్లతో పాటు ఆమె పోతోంది. బెంచీ మీద కూర్చుని డాక్టర్ని మూడు సంగతులు అడుగుతుంది: ఏం తీస్తారు, ఎందుకు తీస్తారు, తీయకపోతే మందులతో కుదరదా. కొందరు డాక్టర్లు ఓపిగ్గా చెబుతున్నారు. ఒకాయన ‘నువ్వెవరు అడగడానికి?’ అన్నాడట.

‘‘ఏం చెప్పినావు?’’ అన్నాను.

‘‘నాకు రెండూ తీసినారు సార్, నాకు తెలుసు అందుకే అడుగుతున్నా అన్న్యా.’’

అందరూ ఇట్లా అవుతారని నేను చెప్పడం లేదు. జమ్మలమడుగులోనే ఇంకొకామె తన కాగితం నా చేతికిచ్చి, నేను చదవబోతుంటే మళ్లీ లాక్కుంది. ‘‘తెలుసుకుని నేనేం చేసుకోవాల అక్కా? పోయింది తిరిగొస్తాదా?’’ అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆమె రోజూ నొప్పితోనే మగ్గం మీద కూర్చుంటోంది. కాగితం మాత్రం పారేయలేదు, పెట్టెలో దాచింది.

మేం మూడు ఊళ్లవాళ్లం కలిసి కాగితాలు లేనివాళ్ల పేర్లు ఒకచోట, వున్నవాళ్ల నకళ్లు ఒకచోట పెడుతున్నాం. పేర్లు బయటికి రానివ్వకుండా. జిల్లా కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఏం పరిశీలించింది అని సమాచార హక్కు కింద అడగడానికి దరఖాస్తు రాశాం. తెలుగులోనే రాశాం. కింద సంతకాల దగ్గర పేరు, ఊరు, వృత్తి అని మూడు గళ్లు గీశాం. మగ్గాల ఊరి ఆమె వంతు వచ్చినప్పుడు పెన్ను పట్టుకుని వృత్తి గడి దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ‘నేత’ అని రాసింది. వెనకున్న ఆమె తొంగి చూసి, ‘‘నాదీ అదే రాయి’’ అంది.